రెండు రోజుల్లో ఊటీ కొండరైలు కుదరదు, అరకు కుదురుతుంది

హనుమకొండ నుంచి ఒక టీచరమ్మ రాశారు. ఉత్తరం పెద్దదే, అసలు సంగతి మాత్రం ఇది:

"అక్కా, మా ఆయన బ్యాంకులో చేస్తారు, నేను స్కూల్లో టీచర్ని. ఇద్దరికీ కలిసి సెలవు దొరికేది రెండో శనివారం, ఆదివారమే. మా బాబుకు ఆరేళ్లు, రైలంటే పిచ్చి. ఊటీ టాయ్ ట్రైన్ వీడియో చూసినప్పట్నుంచి ఒకటే గోల. మా అత్తమ్మ కూడా వస్తానంటున్నారు, ఆమెకు మోకాళ్ల నొప్పులు. నాకైతే జనం లేని కొండ ఊళ్లో రెండు రోజులు ప్రశాంతంగా ఉంటే చాలు. మా ఆయనేమో రైళ్ల టెన్షన్ ఎందుకు, ఇన్నోవా మాట్లాడుకుని అరకు పోయొద్దాం అంటున్నారు. శుక్రవారం రాత్రి బయల్దేరి సోమవారం పొద్దున డ్యూటీకి వచ్చేలా ఊటీ కుదురుతుందా? లేకపోతే ఇంకేం చేయాలో చెప్పండి."

ఊటీ కుదరదమ్మా. బాబుకు ఇంకా మాట ఇవ్వలేదనే అనుకుంటున్నా. లెక్క మీరే చూడండి. శుక్రవారం రాత్రి వరంగల్‌లో చెన్నై రైలు ఎక్కితే శనివారం పొద్దున దిగుతారు. అక్కడ్నుంచి కొండరైలు మొదలయ్యే మేట్టుపాళయం వెళ్లే నీలగిరి ఎక్స్‌ప్రెస్ మళ్లీ రాత్రికే, అంటే పగలంతా పిల్లాణ్ని, అత్తమ్మను, సామాన్లను వేసుకుని చెన్నై ఎండలో తిరగాలి. ఆదివారం పొద్దున ఆరు దాటాక మేట్టుపాళయం, 7:10కి కొండరైలు, మధ్యాహ్నానికి ఊటీ. సోమవారం పొద్దున స్కూల్లో ప్రేయర్‌కు నిలబడాల్సిన మనిషి ఆదివారం మధ్యాహ్నం ఊటీ స్టేషన్లో టీ తాగుతూ ఉంటే ఎట్లా? కేరళ ఎక్స్‌ప్రెస్ వరంగల్‌లో ఆగుతుంది, నేరుగా కోయంబత్తూరులో దింపుతుంది, రైలు మారే బాధ లేదు గానీ దానికి కూడా పదిహేను గంటల పైనే పడుతుంది. శంషాబాద్ నుంచి కోయంబత్తూరుకు విమానం ఎక్కినా శనివారం పోయి ఆదివారం పొద్దున కొండరైలు ఎక్కి, పైకి చేరిన గంటలో కిందికి పరుగెత్తాలి. ఆ ఖర్చుకు ఆ పరుగు నాకైతే నచ్చలేదు.

పైగా అది తొందరగా తొక్కిపారేసే ప్రయాణం కాదు. మేట్టుపాళయం నుంచి ఊటీకి 46 కిలోమీటర్లే, పైకి వెళ్లడానికి దాదాపు ఐదు గంటలు. ఎందుకంటే కల్లార్ స్టేషన్ దాటాక, ఊటీకి ముందొచ్చే కూనూరు దాకా వాలు ఎంత నిటారుగా ఉంటుందంటే, పన్నెండు అడుగులు ముందుకు పోతే ఒక అడుగు పైకి ఎక్కినట్టు. మామూలు చక్రం ఆ వాలు మీద జారిపోతుంది. అందుకని రెండు పట్టాల మధ్యలో పళ్లున్న ఇనుప కడ్డీలు వేశారు, ఇంజిన్ కింద పళ్ల చక్రం వాటిలో పడి పట్టుకుని ఒక్కో పన్నూ ఎక్కుతూ పోతుంది. ఇంజిన్ కూడా ముందుండి లాగదు, వెనకాల ఉండి తోస్తుంది. ఇది మీ బాబుకు చెప్పండి, వీడియోలో ఇంజిన్ వెనక ఎందుకుందని వాడు ఇప్పటికే అడిగి ఉంటాడు. కూనూరు దాకా 1899లో, ఊటీ దాకా 1908లో ఈ లైను వచ్చింది. 208 వంపులు, 16 సొరంగాలు, చిన్నా పెద్దా కలిపి 250 వంతెనలు. 2005లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. చాలామంది కారులో ఊటీ వెళ్లి, అక్కడ్నుంచి కూనూరుకు డీజిల్ ఇంజిన్ లాగే ముక్క ఎక్కి ఫోటోలు పెడతారు. చెడ్డదని కాదు గానీ పళ్ల పట్టా కూనూరు కిందే ఉంది, ఆవిరి ఇంజిన్ తోసేదీ అక్కడే, అది చూడకుండా వస్తే ఆ రైలు సగమే ఎక్కినట్టు.

కాబట్టి ఊటీని సంక్రాంతి సెలవులకు పెట్టుకోండి, అటూ ఇటూ ఒకట్రెండు రోజులు కలుపుకుంటే సరిపోతుంది. దసరాకు వద్దంటాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలకు ఆ కొండల్లో చరియలు విరిగిపడి మేట్టుపాళయం, కూనూరు మధ్య రైలు రోజుల తరబడి ఆగిపోతుంటుంది, అంతదూరం పోయి బస్సెక్కాల్సి వస్తే పిల్లాడి ముఖం చూడలేరు. వెళ్లినప్పుడు కూడా ఊటీ దాకా రైల్లో పోయినా, ఉండడం మాత్రం కూనూరులో ఉండండి. టీ తోటలు, 1874 నాటి సిమ్స్ పార్కు, చలి కూడా కాస్త తక్కువ. నీలగిరి జిల్లాలో ప్లాస్టిక్ నీళ్ల సీసాలు నిషేధం, స్టీలు సీసాలు తీసుకెళ్లండి. సొంత బండిలో వెళ్లేవాళ్లు ఈ-పాస్ తీసుకోవాలి, రైల్లో వెళ్లే మీకు ఆ గొడవ లేదు.

ఇక మీ రెండు రోజుల సంగతి. మీ ఆయన ఊరి పేరు సరిగ్గానే చెప్పారు, బండి పేరే తప్పు. మన వరంగల్, హనుమకొండ చుట్టూ గుట్టలున్నాయి, హిల్ స్టేషన్ లేదు. పోవాలంటే దూరమే పోవాలి. ఇన్నోవాలో ఖమ్మం, రాజమండ్రి మీదుగా అరకు అంటే పోను పది పన్నెండు గంటలు, రాను మళ్లీ అంతే. రెండు రోజుల్లో ఒక రోజు కారు సీటుకే పోయింది, అత్తమ్మ మోకాళ్లు మడిచిన చోటే బిగుసుకుపోతాయి, పైగా రాత్రంతా నిద్ర లేని డ్రైవర్ పొద్దున్నే ఘాట్ రోడ్డు ఎక్కుతాడు. ఈ చివరిదొక్కటి చాలు నేను వద్దనడానికి.

మనకు గోదావరి ఎక్స్‌ప్రెస్ ఉంది కదా. రాత్రి ఏడున్నర ప్రాంతంలో కాజీపేట, వరంగల్ దాటుతుంది, తిని పడుకుంటే తెల్లారి ఆరు లోపు విశాఖపట్నం. అక్కడ్నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని కిరండోల్ వెళ్లే పాసింజర్ ఏడు లోపే కదులుతుంది, పదకొండు ప్రాంతంలో అరకులో ఉంటారు. రాత్రి రైలు దిగి పొద్దున కొండరైలు ఎక్కేలా ఇంత చక్కగా కలిసే జోడీ మన దగ్గర్నుంచి ఇంకోటి లేదు. నిద్రలో పోయేది పోగా మీ సెలవులో ఒక్క గంట వృథా కాదు.

ఇది ఊటీ లాంటి బొమ్మ రైలు కాదని బాబుకు ముందే చెప్పండి. పళ్ల పట్టా లేదు, మామూలు బ్రాడ్‌గేజ్, పెద్ద కరెంటు ఇంజిన్. కిరండోల్ దగ్గరి బైలడిల్లా గనుల ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960లలో వేసిన లైను ఇది, మనుషులు ఎక్కడం తర్వాతి సంగతి. అందుకే ఎర్ర దుమ్ము కొట్టుకుపోయిన వ్యాగన్లతో పొడవాటి గూడ్సు ఎదురొస్తే మీ పాసింజర్‌ను ఏదో చిన్న స్టేషన్లో పక్క లైనులో నిలబెట్టేస్తారు. తిట్టుకోకండి. బాబుకు వ్యాగన్లు లెక్కపెట్టమని చెప్పండి, పది నిమిషాలు ఇట్టే గడుస్తాయి. అసలు మజా ఎస్.కోట, బొడ్డవర దాటాక మొదలవుతుంది. రైలు కొండను చుట్టుకుంటూ ఎక్కుతుంది, మలుపులో తల బయట పెట్టకుండానే కిటికీలోంచి మీ రైలు ఇంజిన్ మీకే కనిపిస్తుంది, ఆ వెంటనే సొరంగం, చీకటి, పెట్టెలో పిల్లలంతా ఒకేసారి ఓ... అని అరుపు, మళ్లీ వెలుతురు, కింద లోయ, ఇంతలో ఇంకో సొరంగం. లైను మొత్తం మీద 58 సొరంగాలు. శిమిలిగూడ స్టేషన్ దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉంది, బ్రాడ్‌గేజ్‌లో అంతకంటే ఎత్తైన స్టేషన్ లేదని ఒకప్పుడు గొప్పగా చెప్పుకునేవాళ్లు. అరకు దానికంటే కాస్త కిందే.

ఈ దారిలో రాత్రి పూట వెళ్లే కిరండోల్ ఎక్స్‌ప్రెస్ కూడా ఒకటుంది. టికెట్ తేలిగ్గా దొరికింది కదా అని అది బుక్ చేసుకునేరు, ఘాట్ మొత్తం చీకట్లోనే దాటేస్తుంది.

పాసింజర్‌కు అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె 2017 నుంచి వేస్తున్నారు. సీటు తిప్పుకుని ఎటు కావాలంటే అటు చూడొచ్చు, ఏసీ ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు మామూలు పెట్టెలో కిటికీ పక్క సీటే ఇష్టం. గాలి తగులుతుంది, సొరంగంలో చప్పుడు చెవులు మోగిపోతుంది, జామకాయలు, ఉడకబెట్టిన పల్లీలు అమ్మేవాళ్లు వస్తారు. కానీ శని ఆదివారాల్లో మామూలు పెట్టెలు బొర్రా గుహల స్టేషన్ దాకా కిక్కిరిసి ఉంటాయి. అక్కడ సగం మంది దిగితే తప్ప కాళ్లు చాపుకోలేరు. అత్తమ్మ వస్తున్నారు కాబట్టి మీరు విస్టాడోమ్‌కే ప్రయత్నించండి.

టెన్షన్ ఉన్నదల్లా విశాఖలో రైలు మారే దగ్గర. మధ్యలో గంట కంటే తక్కువే ఉంటుంది, గోదావరి లేటైతే కిరండోల్ మీకోసం ఆగదు. దానికి రెండు దారులున్నాయి. రెండు టికెట్లనూ రైల్వే వెబ్‌సైట్లో కనెక్టింగ్ జర్నీగా లింక్ చేసుకుంటే, మొదటి రైలు ఆలస్యం వల్ల రెండోది తప్పిపోయినప్పుడు దాని డబ్బులు వెనక్కి వస్తాయి. అప్పుడు ద్వారకా బస్టాండ్‌కు పోయి అరకు బస్సెక్కండి, నాలుగు గంటల లోపే. లేదా శుక్రవారం మధ్యాహ్నం మూడుకు సికింద్రాబాద్‌లో బయల్దేరే వందే భారత్ వరంగల్‌లో నాలుగున్నర ప్రాంతంలో దొరుకుతుంది, అర్ధరాత్రి లోపు విశాఖలో దిగి, స్టేషన్ దగ్గరే గదిలో పడుకుని, పొద్దున స్నానాలు చేసుకుని నిదానంగా కిరండోల్ ఎక్కొచ్చు. ఖర్చు ఎక్కువ, మీరు స్కూల్లో చివరి పీరియడ్‌కు పర్మిషన్ అడగాలి, మీ ఆయన సంగతి ఆయన మేనేజర్ చూసుకుంటాడు. అత్తమ్మ కోసమైతే నేను ఇదే చేస్తాను.

గోదావరిలోనే వెళ్తే అత్తమ్మకు కింది బెర్తు ముఖ్యం. 45 దాటిన ఆడవాళ్లకు లోయర్ బెర్త్ కోటా ఉంది గానీ నలుగురినీ ఒకే టికెట్ మీద వేస్తే ఆ కోటా రాదు, ఆమెది విడిగా తీయాలి. విడిగా తీస్తే వేరే పెట్టెలో పడొచ్చు. ఆమె ఒక్కరే కూర్చోగలరా, లేక పక్కన మీరు లేకపోతే రాత్రంతా నిద్రపోరా అన్నది మీకే తెలుసు.

ఇప్పుడు మీరు అడిగిన అసలు మాట, ప్రశాంతత. అరకు ప్రశాంతంగా ఉంటుందని ఎవరైనా అంటే ఏ నెలలో వెళ్లారో అడగండి. నవంబరు నుంచి జనవరి దాకా శని ఆదివారాల్లో అక్కడ మన హనుమకొండ చౌరస్తాకంటే ఎక్కువ హారన్లు వినిపిస్తాయి. పొగమంచు, పసుపుపచ్చటి వలిసె పూల పొలాలు, పాడేరు దగ్గరి వంజంగి కొండ మీద మేఘాలు, అన్నీ అప్పుడే, జనం కూడా అప్పుడే. (వలిసె పొలంలో దిగి ఫోటో తీసుకుంటే రైతు డబ్బులు అడుగుతాడు, బేరమాడకుండా ఇవ్వండి, తొక్కితే పోయేది ఆయన పంట.) వానాకాలంలో జనం తగ్గుతారు, కొండలు అప్పుడే అందంగా ఉంటాయి, కానీ పట్టాల మీద బండరాళ్లు పడి రైళ్లు ఆగే కాలం కూడా అదే. మీ ఇంటి మనుషులను బట్టి నేనైతే ఫిబ్రవరి రెండో శనివారం అంటాను. పూలుండవు. చలి ఒక శాలువాతో ఆగేంత ఉంటుంది. గది అడిగిన వెంటనే దొరికే అవకాశం ఎక్కువ.

గది ఎక్కడ తీసుకుంటారన్నది కూడా చూసుకోవాలి. అరకు బజారుకు ఆనుకుని ఉన్న లాడ్జీల్లో దిగితే రాత్రి పది దాకా స్పీకర్లు, కింద బొంగులో చికెన్ పొగ. కాస్త దూరంగా ఉన్నవి చూడండి. ఆంధ్ర టూరిజం వాళ్ల హరిత రిసార్టులు అరకులోనూ ఉన్నాయి, దారిలో అనంతగిరిలోనూ ఉన్నాయి. రైలు మీద మోజు లేని వాళ్లకైతే అనంతగిరే చెప్పేదాన్ని, కాఫీ తోటల మధ్య, జనం తక్కువ. ఒక్క జాగ్రత్త. మనకు వికారాబాద్ దగ్గర కూడా అనంతగిరి ఉంది, అక్కడ తెలంగాణ టూరిజం వాళ్ల హరిత కూడా ఉంది. ఫోన్లో పేరు కొట్టి మొదట వచ్చింది బుక్ చేస్తే విశాఖలో దిగి వికారాబాద్ గది రసీదు చూసుకోవాల్సి వస్తుంది. జిల్లా పేరు అల్లూరి సీతారామరాజు అని ఉందో లేదో చూసి డబ్బు కట్టండి.

అక్కడికి వెళ్లాక ఏం చూడాలి అని మీరు అడగలేదు, సంతోషం. స్టేషన్ బయట దిగగానే జీపుల వాళ్లు పాయింట్ల లిస్టు పట్టుకుని చుట్టుముడతారు. చాపరాయి, పద్మాపురం గార్డెన్స్, గాలికొండ, కాఫీ మ్యూజియం, పన్నెండు పాయింట్లు ఇంత రేటు అని. అన్నీ తిరిగితే మీరు కోరుకున్న ప్రశాంతత జీపు వెనక సీటులోనే అయిపోతుంది. శనివారం మధ్యాహ్నం తిని పడుకోండి. సాయంత్రం గిరిజన మ్యూజియం చూడండి, బాబుకు బొమ్మలుంటాయి, అత్తమ్మకు కూర్చునే చోటుంటుంది, మీకు కాఫీ దొరుకుతుంది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, పొడి కొనేటప్పుడు చికోరీ కలిపారా అని అడగండి, చాలా కొట్లలో కలిపిందే అమ్ముతారు. చాపరాయి దగ్గర నీళ్లు పారే బండ నున్నగా ఉంటుంది, పిల్లాడి చెయ్యి వదలొద్దు, అత్తమ్మను అసలు దింపొద్దు.

తిరుగు ప్రయాణం రైల్లో కాదు. పొద్దున మిమ్మల్ని దింపి కిరండోల్ పోయిన లైన్లోంచి తిరిగొచ్చే పాసింజర్ విశాఖ చేరేసరికి చీకటి పడుతుంది, మన గోదావరి సాయంత్రం ఐదు దాటగానే వెళ్లిపోతుంది. అందుకని ఆదివారం కారు మాట్లాడుకుని రోడ్డు మీదుగా దిగండి. బొర్రా గుహలు ఆ దారిలోనే, పది గంటలకు తెరుస్తారు, తొమ్మిది లోపే అరకు వదిలితే చూసుకుని తీరిగ్గా విశాఖ చేరొచ్చు. లోపలికి మెట్లు చాలా ఉన్నాయి, అత్తమ్మను పైనే ఎవరో ఒకరు చూసుకోవాలి, మీ ఆయన బాబుతో దిగితే మీరు ఆమెతో ఉండండి, లేదా రెండోసారి మార్చుకోండి. ఘాట్ రోడ్డు మలుపులకు పిల్లలకు వాంతులవుతాయి, టిఫిన్ తక్కువ పెట్టండి, మాత్ర కావాలంటే ముందే డాక్టర్ని అడిగి తెచ్చుకోండి.

గోదావరి మిమ్మల్ని తెల్లవారుజామున మూడు ప్రాంతంలో వరంగల్‌లో దింపుతుంది. ఫోన్లో అలారం ఒకటి కాదు, ఇద్దరి ఫోన్లలోనూ పెట్టుకోండి, లేకపోతే కళ్లు తెరిచేసరికి సికింద్రాబాద్. ఆ టైములో హనుమకొండకు ఆటోవాడు చెప్పిందే రేటు, తెలిసిన ఆటో ఉంటే శుక్రవారమే చెప్పి పెట్టుకోండి. ఇంటికి పోయి మూడు గంటలు పడుకుని డ్యూటీకి వెళ్లొచ్చు, కళ్లు మండుతాయి, అంతే.

ముంబై దగ్గరి మాథేరాన్ గురించి కూడా ఎవరో ఒకరు చెబుతారు. మంచి చోటే. 1907 నాటి బుల్లి రైలు నేరళ్ నుంచి ఎక్కుతుంది, ఊళ్లోకి కార్లు రానివ్వరు. కానీ మనకు అక్కడికి రెండు రోజుల్లో పోయి రావడం కష్టం, వానాకాలంలో కింది నుంచి రైలు నడపరు, ఊళ్లో ఎర్రమట్టి దారుల్లో నడక ఎక్కువ. అత్తమ్మ లేనప్పుడు చూద్దాం.

టికెట్లు 60 రోజుల ముందు పొద్దున ఎనిమిదికి తెరుచుకుంటాయి. ముందు కిరండోల్ పాసింజర్లో విస్టాడోమ్ తీయండి, వారాంతంలో మొదట అయిపోయేది అదే. అది దొరికాకే రాను పోను గోదావరి, ఆ తర్వాత గది. టైములు అప్పుడప్పుడూ మారుస్తుంటారు, బుక్ చేసే రోజు ఒకసారి, బయల్దేరే ముందు రోజు ఒకసారి చూసుకోండి. విస్టాడోమ్ దొరక్కపోతే మామూలు రిజర్వుడు పెట్టెలో కిటికీ పక్కవి రెండు తీసుకుని, ఒకటి అత్తమ్మకు, ఒకటి బాబుకు ఇవ్వండి.